చెల్లెలి పెండ్లి ఆపిన సంవత్సరం

మా పాపకు ఏడాది దాటినా మెడ నిలవలేదు. ఒక కన్ను ముక్కువైపు తిరిగి ఉండేది. అనంతపురంలో ఒక డాక్టరు బలానికి మందు రాస్తే, ఇంకొకరు ఫిట్స్‌కు రాశారు. నాకు కాలు ఒకచోట నిలిచేది కాదు. ఇంట్లో ఉంటే ఆలస్యం చేస్తున్నానని, ఆసుపత్రికి పోతే తప్పు చోటికి వచ్చానని అనిపించేది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో బెంగళూరు తీసుకెళ్ళాం. అక్కడి డాక్టరమ్మ పాప చనుమొనలు లోపలికి పోయి ఉండడం, పిరుదుల పైన కొవ్వు ముద్దలా పేరుకోవడం చూసి, "మీరిద్దరూ బంధువులా?" అని అడిగింది.

"మా అక్క కూతురే," అన్నాడు నా భర్త. ఆయన మా అమ్మకు సొంత తమ్ముడు.

రక్తం విదేశానికి పంపారు. నెలల తర్వాత జవాబు వచ్చింది. ఒంట్లోని ప్రోటీన్లకు అతుక్కోవలసిన చక్కెర గొలుసులు పాపకు సరిగా అతకడం లేదట. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, చెడిన జన్యువులు రెండూ చేరాయట. మందు లేదు. వ్యాయామం మానకూడదు. మా బంధువుల్లో ఒకరికొకరు చేసుకునే పెళ్ళిళ్ళుంటే వాళ్ళకూ ఈ సంగతి చెప్పమంది డాక్టరమ్మ.

బుక్కరాయసముద్రంలో మా అవ్వ, అంటే మా అత్త కూడా, పాప పాలలో బెల్లం వేయడం మానేసింది. "ఇంత బిడ్డకు చక్కెర జబ్బేందే?" అని ఏడ్చింది. ఇది ఆ చక్కెర జబ్బు కాదని నచ్చచెప్పలేక అలసిపోయాను.

అంతలో మా చెల్లెలికి, నా మరిదికి, అంటే మా అమ్మ చిన్నతమ్ముడికి, ముహూర్తం పెట్టడానికి అందరూ కూర్చున్నారు. వాళ్ళిద్దరిదీ చిన్నప్పటి నుంచీ అనుకున్న సంబంధం. వంటింట్లోకి, వసారాలోకి తిరిగి తిరిగి, చివరికి అనేశాను.

"ఈ పెండ్లి వద్దు నాయనా. వీళ్ళకు పుట్టే బిడ్డకూ ఇదే రావచ్చు."

అవ్వ లేచింది. "మా రక్తం చెడిపోయినాదంటాండావా? నీదీ ఆ రక్తమే కదే!"

"నేనూ అదే చెప్తాండా అవ్వా."

పాపను ఒళ్ళో పెట్టుకున్న నా భర్త మా నాయనతో, "అది చెప్పేది నిజమే బావా. నేను ఒప్పుకోను," అన్నాడు.

పెండ్లి ఆగింది. చెల్లెలు నాతో మాట మానేసింది. మరుసటేడు గార్లదిన్నెలో బయటి సంబంధం చేసుకుంది. కాన్పయ్యాక కొడుకును తెచ్చి, నాతో మాట్లాడకుండానే మా పాప పక్కన పడుకోబెట్టింది. పాప వాడి పాదం కోసం వణుకుతున్న చెయ్యి చాచింది. గురి తప్పింది. మళ్ళీ చాచింది. చెల్లెలు తన కొడుకు పాదాన్ని కాస్త ఇటు జరిపి, "పట్టుకో తల్లీ," అంది.