అడ్డం తిరిగిన నార

కుట్లమ్మకు లోకం మీద చులకన పుట్టింది జిగురు వల్ల. ముప్పై ఏళ్లుగా పుస్తకాలు కుట్టిన చెయ్యి ఆవిడది. వీపుకు ఇంత జిగురు పులిమి, అట్ట అంటించేసి, దాన్ని పుస్తకం అనేవాళ్లను ఆవిడ మనుషుల లెక్కలోనే వేయలేదు. ఎవరైనా కొత్త పుస్తకం తెచ్చి చూపిస్తే పేరు చూడదు, రాసినవాడెవడో అడగదు. నడుమకి తెరిచి బల్ల మీద పెడుతుంది. అది తనంతట తానే మూసుకుపోయిందా, చచ్చిన ఎలుకను తోక పట్టి ఎత్తినట్టు రెండు వేళ్లతో ఎత్తి తెచ్చినవాడికే ఇచ్చేస్తుంది.

పనిగది మేడమెట్ల కింద. ఒక నీళ్ల తొట్టి, పాత నూలుగుడ్డలూ అరటినారా నానేసిన రెండు డ్రమ్ములు, ఇనుప ప్రెస్సు, కిటికీ దగ్గర చెల్లెలు కూర్చునే స్టూలు. నానినదాన్ని గుజ్జయ్యేదాకా దంచి, తొట్టిలో కలిపి, జల్లెడ చట్రంతో పలచగా ఎత్తి ఆరబెడితే కాగితం. ఎత్తేటప్పుడు నారపోగులన్నీ ఒకే వైపుకు పడుకునేలా చట్రాన్ని ఆడించడం ఆవిడ విద్య. ఆ పోగులు పుస్తకం వీపు వెంట నిలువునా నడవాలి. అడ్డంగా నడిస్తే ఆకు వంగదు, కొయ్యబారిపోయి నిలబడుతుంది. మిల్లు కాగితానికైనా అంతే. పెళ్లికి ముందెప్పుడో చెల్లెలు ఒక ఆఫీసు రిజిస్టరును అడ్డనారతో కుట్టింది. పదహారేళ్లుగా గడప తొక్కిన ప్రతివాడికీ ఆ కథ చెబుతూనే ఉంది కుట్లమ్మ. చెల్లెలు తలెత్తకుండా సూది లాగుతూ ఉండేది.

అలాంటి ఇంటికి గ్యాలరీ పెద్దమనిషి వచ్చాడు. పుస్తకం ఊపిరి పీలుస్తోందంటాడు, కాగితం మౌనంగా ఉందంటాడు. చదువుతాడా అంటే, ఒక్క ఆకు తిప్పిన పాపాన పోలేదు. ప్రదర్శనకు ఒక పెద్ద పుస్తకం కావాలన్నాడు. ఆవిడ ఎనిమిది నెలలు కూర్చుని కాగితం చేసింది. కుట్టేముందు అతను చూడటానికి వచ్చి, ఒక కాగితాన్ని పక్కకు తిప్పి పట్టుకున్నాడు. పోగులు ఇలా అడ్డంగా ఉంటే నీటిమీద గీతల్లా ఉన్నాయనీ, ఫొటోలో అదిరిపోతుందనీ, ఆ ఫొటోయే ఆవిడ పేరుతో సహా ఆహ్వానపత్రం మీద వేస్తాననీ అన్నాడు.

అతను వెళ్లాక కుట్లమ్మ అతన్ని తిట్టాల్సినంత తిట్టింది. మర్నాడు పొద్దున్నే కూర్చుని కాగితాలను అతను చెప్పినట్టే మడిచింది.

చెల్లెలు కాసేపు చూసింది. "అక్కా, నార అడ్డం వస్తోంది."

"కనబడుతోందిలే. ఇది చదివే పుస్తకం కాదు."

ఇదే మాట ఇంకెవరైనా అని ఉంటే ఆవిడ వాళ్లను వీధి చివరిదాకా తరిమేది.

ప్రదర్శనలో ఆ పుస్తకం తెల్లటి దిమ్మ మీద, ముళ్లపందిలా ఆకులన్నీ లేపుకుని నిలబడింది. వచ్చినవాళ్లు చేతులు వెనక్కి కట్టుకుని చుట్టూ తిరిగారు. ఒకాయన రెక్కలన్నాడు. ఒకావిడ మాటలు రావడం లేదని అభిప్రాయాల పుస్తకంలో పేజీన్నర రాసింది. నాలుగో రోజున మ్యూజియం అధికారి వచ్చి, దీన్ని శాశ్వతంగా తీసుకుంటాం, గాజుపెట్టెలో పెడతాం అన్నాడు. ఇది తాను అనుకున్నది అనుకున్నట్టు పూర్తిచేసిన పని అని ఆవిడ ఒక కాగితం మీద సంతకం పెట్టాలి.

కుట్లమ్మ కలం పట్టుకుని ఆగింది. "ఇది తప్పు కుట్టానండీ. నార అడ్డం పడింది. ఆకులు పడుకోవు."

అధికారి నవ్వాడు. "మీ వినయం గొప్పదమ్మా. పడుకోకపోవడమే దీని ప్రాణం."

గ్యాలరీ పెద్దమనిషి ఆ ప్రాణం తానే పోసినట్టు తలాడించాడు. ఇద్దరూ శుద్ధ మొద్దులని ఆవిడకు తెలుసు. కుట్లు విప్పి, కాగితాలు తిప్పి మళ్లీ కుట్టుకొస్తాను, నాలుగు నెలలు ఆగండి అంటే సరిపోయేది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ నాలుగు నెలల తర్వాత వీళ్లు ఇంకెవరి రెక్కల చుట్టూ తిరుగుతుంటారో ఎవరికి తెలుసు? ఆవిడ సంతకం పెట్టింది. పెట్టాక ఆ ఇద్దరినీ మునుపటిలా చిన్నచూపు చూడబోయింది. చూపు నిలవలేదు. మొద్దులకు తెలియక బాగుందన్నారు. తెలిసి సంతకం పెట్టినది తనొక్కతే.

ఇంటికి వచ్చేసరికి చెల్లెలు అట్టలు కోస్తోంది.

"ఇచ్చేశావా?"

"ఇచ్చేశాను. తప్పని చెప్పాను కూడా. బాగుందన్నారు."

"వాళ్లు అన్నారు, సరే." చెల్లెలు మళ్లీ కత్తి అందుకుంది.

మ్యూజియంలో పెట్టే రోజుకు పిలుపు వచ్చింది. కుట్లమ్మ మోకాళ్ల నొప్పులన్నది. భర్త బతిమాలినా కదల్లేదు. చెల్లెలే వెళ్లింది. తిరిగొచ్చి చెప్పులు విడిచి, కాళ్లు కడుక్కుని, స్టూలు మీద కూర్చుంది. కుట్లమ్మ తొట్టిలో చెయ్యి పెట్టి గుజ్జు కలుపుతూనే ఉంది. చివరికి పుస్తకం ఎలా ఉందని అడిగింది.

చెల్లెలు దారానికి మైనం రాస్తూ చెప్పింది.

"గాజుపెట్టె బాగా చేశారక్కా. మూలలన్నీ సరిగ్గా కుదిరాయి."