వాడలో లేని ఎలీసబెతు

హుజూరాబాద్ దగ్గరి ఆ వాడలో ప్రతి మనిషికీ రెండు పేర్లు. ఒకటి చర్చిలో పిలిచేది, ఇంకొకటి కాగితాల్లో రాసేది. క్రైస్తవులమని కాగితాల్లో పడితే ఎస్సీ సర్టిఫికెట్ పోతుంది, దాంతో పిల్లల గురుకులం సీటూ పోతుంది. అందుకే సర్కారు మనిషి వాడలో అడుగుపెడితే చర్చి పేరు ఎవరి నోటా రాదు.

కాగితాల్లోని లింగవ్వను సమ్మయ్య మాత్రం పెళ్లయిన నాటి నుంచీ ఎలీసబెతు అనే పిలిచాడు. దుబాయికి పోయేముందు కరీంనగర్‌లో ఏజెంటు వలస కార్మికుల బీమా ఫారం నింపుతూ, ఏమన్నా అయితే డబ్బులు ఎవరికి చెందాలని అడిగాడు. సమ్మయ్య నోటికి అలవాటైన పేరే చెప్పాడు.

ఏడాది తిరగకముందే అతను పని చేస్తున్న మేడ మీంచి పడి చనిపోయాడు.

ఎలీసబెతు ఇంటర్‌లో బైపీసీ చదివింది, రక్తపరీక్షల ల్యాబులో పని చేస్తుంది. సీసా మీద ఒక పేరు, చీటీ మీద ఒక పేరు ఉంటే ఆ రక్తాన్ని పారబోయడమే ఆమెకు నేర్పారు. అందుకే బీమా ఆఫీసులో గుమాస్తా ఆమె ఆధార్ కార్డును పదేపదే చూస్తుంటే తప్పు పట్టలేకపోయింది.

"గీ ఎలీసబెతు ఎవలమ్మా? మీ ఆయనకు ఇంకో సంసారం ఉన్నదా?" అన్నాడతను.

తానేనంది. రుజువు కావాలన్నాడు. పాస్టరు వెస్లీ అడగ్గానే బాప్తిస్మం ఉత్తరం ఇస్తాడు. కానీ గురుకులంలో ఐదో తరగతి చదువుతున్న కూతురు లిడియా మనసులో మెదిలి, ఆమె ఆ మాట ఎత్తలేదు. గుమాస్తాకే జాలేసి ఇంకో దారి చూపాడు. అధికారి వాడకొచ్చి విచారిస్తాడు, ఆమెను ఇంట్లో ఎలీసబెతు అని పిలుస్తారని ఇద్దరు చెబితే చాలు. ముద్దుపేరని రాసుకుంటారు, మతం ఊసే రాదు.

ఆ సంగతి ఆమె అత్త కనకవ్వకు విడమరిచి చెప్పింది. వాడలో అందరికీ చెప్పేలోపే అధికారి రానే వచ్చాడు. జనం గుమిగూడారు. అందరికన్నా ముందు నిలబడ్డ సంఘపెద్ద హనుమండ్లునే అతను ఎలీసబెతు ఎవరని అడిగాడు.

"గా పేరుగల్లోళ్లు మా వాడల ఎవ్వలు లేరు సారూ," అన్నాడు హనుమండ్లు తడుముకోకుండా.

వెనకనున్న తలలన్నీ ఊగాయి. అధికారి కనకవ్వ వైపు తిరిగాడు. ఆమె కోడలిని చూసింది, పెద్దాయనను చూసింది.

"మా ఇంటికొచ్చిన కాడ్నుంచి లింగవ్వే సారూ."

ఇప్పుడు ఎలీసబెతు నోరు విప్పితే హనుమండ్లు అబద్ధమాడినట్టవుతుంది. ఎందుకు దాచారని ఆరా మొదలవుతుంది. అది తన బిడ్డ ఒక్కదానితో ఆగదు, వాడలోని పిల్లలందరి మీదికీ వస్తుంది.

"నువ్వేమంటవమ్మా?" అధికారి అడిగాడు.

"వాళ్లు చెప్పిందే సారూ," అంది ఎలీసబెతు.

అతను రాసుకుని బండెక్కాడు. హనుమండ్లు ఆమె దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

"ఫికర్ చెయ్యకు బిడ్డా. మేమున్నంగ. లిడియా సీటు ఏడికి పోదు."

ఆమె తలూపింది.