శంషాబాద్ దాకా గులాబీ దండ

విమానాలు బేగంపేటలో దిగినన్నాళ్లు ఫఖ్రున్నీసాకు ఎదురులేదు. అమీర్‌పేట సందులోని పూలకొట్టులో ఆమె ముడి వేసిన దండ, తడి ఆరకముందే మక్కా వెళ్లి ఉమ్రా చేసి వచ్చినవాళ్ల మెడలో పడేది. ఆ తర్వాత విమానాశ్రయం శంషాబాద్‌కు పోయింది. పాతదానికీ కొత్తదానికీ మధ్య ముప్పై కిలోమీటర్ల పైమాటే. పంజాగుట్టలో ఇరుక్కుంటే గంటన్నర. దారం గుచ్చిన గులాబీ ఎండాకాలంలో అంతసేపు ఆగదు. జనం మెరుపుకాగితం దండలకు అలవాటుపడ్డారు. ఆమెకు పెళ్లికొడుకుల ముఖానికి కట్టే పూల సెహ్రాలు మిగిలాయి. గిరాకీ బాగానే ఉన్నా ఆ ఓటమి మాత్రం ఆమెను గుచ్చుతూనే ఉండేది.

ఈ మే నెలలో ఒక ఉదయం పక్క గల్లీ జుల్ఫికర్ కారు తీసుకొచ్చాడు. వాళ్ల నాన్న అజ్మత్ అలీ ఉమ్రా నుంచి మధ్యాహ్నం దిగుతున్నాడు. జుల్ఫికర్ వెంట అతని వదిన అఫ్షీన్ కూడా వచ్చింది.

"ఖాలా, అబ్బాకు కాగితం దండ వద్దంట. నీ చేతి గులాబీలే గావాలంటుండు."

అఫ్షీన్ మూతి తిప్పింది. "పోయినేడు అమ్మీ ఉమ్రా చేసి వస్తే సుత గివే తీస్కపోయినం. మెహదీపట్నం దాటలే, రేకులన్నీ సీటు మీదనే. అమ్మీ మెడల ఒట్టి దారం ఏసినం. చుట్టాలు ఇంకా నవ్వుతుండ్రు."

ఫఖ్రున్నీసా ముఖం కందిపోయింది. ఈసారి కూడా రాలితే ఎయిర్‌పోర్టుకు ఆమె దండ మళ్లీ ఎవరూ అడగరు. ఆమె బుట్ట మీది తడిబట్ట ఎత్తి చూసింది. ఇంకా గుచ్చని పూలు తెల్లవారి వచ్చినట్టే ఉన్నాయి. బుట్ట చంకన పెట్టుకుని, సూదీ దారం తీసుకుని, షట్టర్ దించింది.

"ఎటు ఖాలా?"

"మీ కార్ల. ఈడ కడితే ఆడికి పోయేసరికి వాడుతుంది గదా? పోయే తొవ్వలనే కడత."

వెనక సీటంతా ఆమెదే అయింది. పంజాగుట్ట సిగ్నల్ దగ్గర మొదటి పువ్వు గుచ్చింది. మాసాబ్‌ట్యాంక్ దాటేసరికి జానెడు దండ తయారైంది.

"బ్రేకు జర మెల్లగ కొట్టు బేటా, నా వేలు సుత దండల కలుస్తది!"

అఫ్షీన్‌కు నవ్వాగలేదు. మెహదీపట్నం దాటి పైవంతెన ఎక్కాక కారు సాఫీగా సాగింది, సూది వేగం పెరిగింది. ఆరాంఘర్ దగ్గర లారీలు అడ్డుపడ్డాయి. జుల్ఫికర్ హారన్ మీద చెయ్యి వేశాడు.

"ఫికర్ జేయకు, ఆగనీ. ఇంకో వరస ఉన్నది," అంది ఫఖ్రున్నీసా. ఇన్నేళ్లలో ట్రాఫిక్‌ను ఆమె మెచ్చుకోవడం ఇదే మొదటిసారి. అఫ్షీన్ వెనక్కి తిరిగి ఒక్కో పువ్వు అందించసాగింది.

పార్కింగ్‌లో చివరి ముడి పడింది.

అజ్మత్ అలీ బయటికి వచ్చి తల వంచాడు. చుట్టూ మెరుపుకాగితాలు తళతళలాడుతుంటే, ఆయన తెల్ల కుర్తా మీద దండ నుంచి నీటిచుక్కలు జారాయి. ఒక్క రేకూ రాలలేదు.

"మాషల్లా!" అన్నాడు కళ్లు మూసి వాసన పీల్చుతూ.

పక్కనున్న ఒకామె ఆగలేక దగ్గరికి వచ్చింది. "రేపు మా అన్న వస్తుండు. గీ దండ యాడ దొరుకుతది?"

"మా ఖాలాది అమీర్‌పేట," అఫ్షీన్ గర్వంగా అందుకుంది. "దండ ఒక్కటే రాదు. ఖాలా సుత వస్తది, వెనక సీటు మొత్తం ఇడవాలె!"

ఫఖ్రున్నీసా ఖాళీ బుట్టను చంకకెత్తుకుంది.

"రేపు ఎన్నింటికి దిగుతుండమ్మా మీ అన్న?"