ఒరోజాలి గుర్రానికి నడుం నొప్పి

మా కొండకింది ఆసుపత్రిలో నడుముకు వేసే స్క్రూలంత క్షేమమైనవి భూప్రపంచంలో లేవు. నేను చెప్పడం కాదు, కాగితాలే చెబుతున్నాయి. డిస్కులు అరిగిన నలభై మందికి వేశారు. మూడేళ్లుగా, ఏడాదికోసారి, "నొప్పి పదిలో ఎంత?" అని అడిగి రాసే నర్సును నేనే. నలభై మందీ సున్నా! డాక్టర్ మెదెర్ ఆ కాగితానికి పటం కట్టించి గోడకు తగిలించాడు.

మా కిర్గిజ్ దేశంలో మనిషిని ఒంట్లో ఎలా ఉందని అడిగితే, కాటికి కాళ్లు చాచినవాడు కూడా "దేవుడి దయ, బాగున్నా" అంటాడు. బాధ చెప్పుకుంటే పరువు తక్కువ. ఈ ముక్క మెదెర్‌కు తెలియదా? ఇక్కడ పుట్టినవాడే! తెలుసు. సున్నాలు ముద్దు, అంతే.

మొన్న ఆ నలభై మందిలో ఒకడైన గొర్రెల కాపరి ఒరోజాలి కర్ర పట్టుకుని వచ్చాడు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. ఆయన కూతురు బురుల్ ఉన్ని తివాచీలు కుట్టి కుట్టి నడుం అరగ్గొట్టుకుంది; సోమవారం ఆమెకూ అవే స్క్రూలు వేస్తారు.

"నొప్పి ఎంత, పెదనాన్నా?"

"సున్నా రాయి తల్లీ." నుదుటి మీద చెమట కారుతోంది.

నాకు ఒళ్లు మండింది. ఈ సున్నాలు చూసే కదా ఆ పిల్లను కోయబోతున్నారు! అయినా ముసలాయన పరువు తీయడానికి నోరు రాలేదు. మావాళ్లు తమ రోగం దాస్తారు గాని పశువు రోగం దాచరు.

"సరే, మీ గుర్రం ఎలా ఉంది?"

ఆయన కర్ర మీదికి వంగి నా దగ్గరికి జరిగాడు.

"దాని సంగతి అడక్కు తల్లీ. ఎడమ కాలు మొద్దుబారిపోయింది. నడుంలో ఏదో కదులుతోంది. పడుకోలేదు, లేవలేదు. దాని పిల్లకి మాత్రం ఆ పని చెయ్యొద్దని చెప్పు."

గుర్రం బాధంతా నేను రాసిపెట్టిన కాగితం చూసి మెదెర్ అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. "మతి పోయిందా నీకు? ఇందులో గుర్రానికి గడి ఎక్కడుంది?"

"గీయండి సార్," అన్నాను.

మిగతా ముప్పై తొమ్మిది మందికీ ఫోన్ చేసి, ఆవులెలా ఉన్నాయని అడిగాను. ఇరవై ఆరు ఆవులకు నడుం నొప్పి! ఆ జాబితా బల్ల మీద పెట్టాక మెదెర్ గోడ మీది పటం దించేశాడు. బురుల్ ఆపరేషన్ ఆపి, ఒరోజాలికి ఎక్స్‌రే తీయించాడు. రెండు స్క్రూలు వదులై పక్కకు జరిగిపోయాయి.

"వాటిని తీసేదాకా గుర్రం ఎక్కకండి పెదనాన్నా," అన్నాను.

"గుర్రమెక్కడిదే పిచ్చిదానా? ఎక్కలేక, ఆపరేషనైన ఏడాదే అమ్మేశాను."