పేర్లు అడగని మూడు దరఖాస్తులు

2023 జూలై. సూర్యాపేటలో ఒక యూనివర్సిటీ పీజీ కాలేజీ ఆఫీసులో నేను సూపరింటెండెంట్‌ను. అడ్మిషన్లు, బోనఫైడ్లు, బస్ పాస్ ఫారాలు నా సీటు పని. వాటితో పాటు పీఐఓ బాధ్యత కూడా నాదే. అంటే, సమాచార హక్కు చట్టం కింద ఎవరైనా దరఖాస్తు పెడితే నెల లోపల జవాబు పంపాల్సిన మనిషిని. ఎందుకు కావాలని మేము అడగకూడదు. ఒకరి సొంత వివరాలు ఇవ్వకూడదు. జాబితాలో పేరు, ఫోన్ నంబరు, అడ్రసు కొట్టేస్తే పిల్లలు భద్రమేనని ఎనిమిదేళ్లుగా నమ్ముతూ ఆ పని చేస్తున్నాను.

మొదటి దరఖాస్తు మిర్యాలగూడ నుంచి వచ్చింది. ఏ మండలం నుంచి ఎంతమంది, ఏ కోర్సులో చదువుతున్నారో చెప్పమన్నారు. కింద ‘పేర్లు అవసరం లేదు’ అని రాసి ఉంది. ఎంత పద్ధతైన మనిషో అనుకున్నాను. పట్టిక తయారు చేసి పంపాను. పాలకీడు మండలానికి ఎదురుగా కెమిస్ట్రీ, ఒకటి అని ఉంది.

మూడు వారాలకు హాలియా నుంచి ఇంకో పేరుతో రెండోది వచ్చింది. ఏ మండలం వాళ్లు ఏ రూటుకు బస్ పాస్ తీసుకున్నారు? సాయంత్రం బస్సులు పెంచమని అడగడానికట. పేర్లు అవసరం లేదు. అదీ పంపాను. పాలకీడు మండలం, కోదాడ రూటు, ఒకటి. పాలకీడు పిల్ల హుజూర్‌నగర్ బస్సు కాకుండా కోదాడ బస్సెందుకు ఎక్కుతుందో అని ఒక్క క్షణం అనిపించింది. అంతలో ఫోన్ మోగింది, ఆ సంగతి మరిచిపోయాను.

మూడోది త్రిపురారం నుంచి, మరో పేరుతో వచ్చింది. ‘కెమిస్ట్రీలో కోదాడ రూటు విద్యార్థులు ల్యాబ్ ఏ రోజుల్లో, ఎన్ని గంటలకు ముగించుకొని, ఏ గేటు నుంచి బయటికి వెళతారు? పేర్లు అవసరం లేదు.’

గేటు అన్న మాట దగ్గర నా చేయి ఆగిపోయింది. పాత రెండూ తీసి పక్కపక్కన పరిచాను. మూడు ఊళ్లు, మూడు పేర్లు, ఒకే చేతిరాత. ప్రతి ‘ళ’ తోక గీత కిందికి దిగి గాలంలా వంగి ఉంది. నేను పంపిన జవాబులు రెండూ కలిపి చదివాను. కెమిస్ట్రీ, పాలకీడు, కోదాడ బస్సు. అలాంటి మనిషి కాలేజీ మొత్తంలో ఒక్కరే.

ఆ అమ్మాయి అడ్మిషన్ ఫైలు తీశాను. ఆమెను ఇక్కడ సునీత అంటాను, అసలు పేరు కాదు. దరఖాస్తు ఫారం ఆమె స్వహస్తంతో నింపింది. చూస్తే అదే రాత. అదే ‘ళ’, అదే గాలం. పట్టపగలు, చుట్టూ నలుగురు పని చేసుకుంటున్నారు. అయినా ఒకసారి వెనక్కి తిరిగి చూసుకున్నాను. ఈ పిల్ల తన గురించి తానే అడుగుతోందా?

క్లాసు నుంచి పిలిపించాను. మూడో కాగితం చేతికిచ్చాను. చదవనే లేదు. చూడగానే, వేడి గిన్నె పట్టుకున్నట్టు బల్ల మీద వదిలేసింది.

“ఇది మా అన్న రాత మేడం.”

“నీ రాత లెక్కనే ఉంది గద?”

“పలక మీద నాకు అక్షరాలు దిద్దించింది ఆయననే. ఇద్దరిది ఒక్క తీరే ఉంటది.”

“నీ మీద కోపమా?”

“కోపమైతే ఎప్పుడన్న సల్లారుతది మేడం. పెండ్లి కుదిరిచ్చిండు, నేను సదువుకుంట అన్న. నాలుగు నెలలు బయటికెల్లి గొళ్లెం పెట్టిండు. పొద్దూ మాపూ తనే అన్నం తెచ్చి, నేను తినేదాంక ముందల కూసునేటోడు. ఒక్క మాట తిట్టలే.” బల్ల మీది కాగితాన్ని బోర్లా తిప్పింది. “ఎట్లనో బయటవడ్డ. కోదాడల నా దోస్తు వాళ్లింట్ల ఉంటున్న. మా అమ్మకు గూడ తెల్వదు.”

“రెండిటికి జవాబు పంపిన బిడ్డా. నేనే పంపిన.”

ఆమె “ఇయ్యాల ఏం వారం మేడం?” అని అడిగింది.

“బుధవారం.”

“రేపు నాకు ల్యాబ్ ఉంది.”

ఆ సాయంత్రమే ప్రిన్సిపాల్ సార్, నేను ఆమెను పోలీస్ స్టేషన్‌కు తీసుకెళ్లి ఫిర్యాదు రాయించాం. ఆమెను హాస్టల్లో ఉంచాం. మూడో దరఖాస్తుకు, వ్యక్తిగత సమాచారం ఇవ్వబడదని రాసి పంపాను.

పది రోజులకు ఆమె అన్నే వచ్చాడు. ముప్పై రెండు, ముప్పై మూడేళ్లుంటాయి. ఇస్త్రీ చొక్కా. మా ఆఫీసుకు వచ్చేవాళ్లెవరూ చెప్పులు విప్పరు. అతను గడప బయట విప్పి, జత సరిచేసి పెట్టి లోపలికి వచ్చాడు.

“నేను పేరు అడిగిన్నా మేడం?”

“లేదు.”

“అడ్రసు?”

“లేదు.”

“మరెందుకు ఇయ్యరు?”

“ఆ లెక్కల ఒక్కరే ఉన్నరు. ఒక్కరున్నప్పుడు లెక్క చెప్తే మనిషిని చూపిచ్చినట్టే.”

అతను మెల్లగా నవ్వాడు. “రెండుసార్లు సూపిచ్చిండ్రు గద. ఇంకొక్కటి చెప్తే ఖతం.”

ఇవ్వనన్నాను. దండం పెట్టి వెళ్లిపోయాడు. ఆ తర్వాత వారం రోజులు మెయిన్ గేటు ఎదుట నిలబడ్డాడు. ఎవరితోనూ మాట్లాడలేదు. ప్రతి అమ్మాయి ముఖం చూసి, పక్కకు జరిగి దారి ఇచ్చేవాడు. పోలీసులు పిలిచి గట్టిగా చెబితే “అట్లనే సార్” అన్నాడట. మరునాటి నుంచి రాలేదు. అతను కనబడకపోవడమే మాకు ఎక్కువ భయమైంది. గేటు ఖాళీగా కనిపిస్తే, వేరే ఏ కిటికీ దగ్గర, ఏ కాగితం రాస్తున్నాడోననిపించేది.

సెమిస్టర్ అయిపోగానే సునీత వేరే ఊరి కాలేజీకి మారింది. టీసీ ఆమె చేతికే ఇచ్చాం. ఏ కాలేజీయో మా డిస్పాచ్ రిజిస్టర్‌లో ఎక్కించలేదు.

అప్పటి నుంచి కొత్త దరఖాస్తు ఏది వచ్చినా, పాతవాటి పక్కన పెట్టి చదువుతాను. సంఖ్య చిన్నదైతే ‘పది లోపు’ అని రాస్తాను, లేదా నాలుగు మండలాలు కలిపి ఇస్తాను. కోదాడ నుంచి వచ్చిన ఒక పరిశోధక విద్యార్థి, “ఇలా అయితే థీసిస్ ఎలా రాయాలండీ?” అని పోట్లాడాడు. పాపం, అతనిది న్యాయమైన కోపమే. కూర్చోబెట్టి, మనుషులు బయటపడకుండా అతనికి పనికొచ్చేలా పట్టిక మార్చి ఇచ్చాను. రెండు రోజులు పట్టింది.

ఏడాది తర్వాత ఒక మధ్యాహ్నం ఆఫీసు ఫోన్ మోగింది. “మేడం, నేను. పాసైన,” అంది సునీత. ‘ఎక్కడున్నవ్ బిడ్డా’ అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. ఆమె వెనక బస్టాండు చప్పుడు. ఎవరో కండక్టర్ ఊరి పేరు అరవబోతున్నట్టున్నాడు. అది నా చెవిన పడకముందే “సంతోషం బిడ్డా” అని ఫోన్ పెట్టేశాను.