పడవ గూటి మీద పసుపు

మా బాపు బొగ్గుబాయిలో టింబర్‌మన్. బొగ్గు తవ్విన చోట పైకప్పు కూలకుండా కింద దుంగలు నిలబెట్టడం ఆయన పని. ఏళ్ల తరబడి అదే పని చేసీ చేసీ, భూపాలపల్లి క్వార్టర్‌లో మా ఇంటికొచ్చినా సరే, కూర్చునే ముందు తలెత్తి ఒకసారి స్లాబు వంక చూసేవాడు. అమ్మ నవ్వేది. నాకైతే చిన్నప్పటి నుంచీ అందరి నాన్నలూ ఇంట్లోకి రాగానే అలాగే చూస్తారనే నమ్మకం.

నేను హనుమకొండలో ఒక సోలార్ సామాన్ల దుకాణంలో మెకానిక్‌ని. బాపు దృష్టిలో అది పని కాదు. "మావోడు ఎండ అమ్ముకుంటడు" అని నలుగురిలో చెప్పి నా పరువు తీసేవాడు. అప్పటికే ఆయన మోకాళ్లు పాడయ్యాయి. డాక్టర్లు అన్‌ఫిట్ అని తేలిస్తే ఆ నౌకరీ కొడుక్కి వస్తుంది. ఆ దరఖాస్తు కాగితం బీరువాలో చీరల కింద పెట్టుకుని నా సంతకం కోసం ఎదురుచూస్తున్నాడు. నేను ఏదో ఒక సాకు చెప్పి తప్పించుకు తిరుగుతున్నాను. బాయిలోకి దిగాలంటే నాకు భయం. ఆ మాట ఆయనతో అనలేకపోయాను.

అంతలో సమ్మె వచ్చింది. తెలంగాణ కోసం బాయిలు బంద్, బస్సులు బంద్, బడులు బంద్. బొగ్గు పైకి రాకపోయేసరికి కరెంటు కూడా చుట్టపుచూపుగా వచ్చిపోయేది. మా దుకాణం కూడా మూసేశారు, నేను ఇంటికొచ్చి పడ్డాను. బాపు పొద్దున సమ్మె టెంటు దగ్గర నినాదాలిచ్చేవాడు. మధ్యాహ్నం నుంచి ఖాళీ. ఆ ఖాళీ అంతా నా సంతకం మీదే పెట్టాడు.

అలాంటి రోజుల్లోనే మామ ఫోన్ చేశాడు. మామంటే మా అమ్మ తమ్ముడు. కాటారం దాటి వెళ్తే గోదారి ఒడ్డున ఆయన ఊరు. అక్కడి నుంచి అవతల మహారాష్ట్ర ఒడ్డుకు జనాన్ని దాటించే పడవ ఆయనది. పాత చెక్క పడవ కదా, తెల్లవారేసరికి అడుగున మోకాలి లోతు నీళ్లు ఊరేవి. కుడి భుజం పట్టేసి వాటిని తోడిపోయడం ఆయన వల్ల కావడం లేదు. బ్యాటరీ మీద నడిచే చిన్న మోటరు కొనుక్కున్నాడు గానీ, ఊళ్లో కరెంటు లేక బ్యాటరీ ఎక్కడం లేదు.

"అల్లుడూ, ఇగ నాతోని గాదు. దసరా దాటినంక పడవ అమ్ముత" అన్నాడు.

నాకు ఈత వచ్చింది ఆ పడవ పక్కనే. ఎండాకాలం సెలవులన్నీ పడవ మీది ఆ వెదురు గూటి కింద పడుకుని, చేపలకూర వాసనలో గడిపినవాణ్ణి.

మా దుకాణంలో ఒక వంగే ప్యానెల్ ఉండేది. అద్దం ఉండదు, బరువుండదు, దళసరి అట్టలా ఉంటుంది. వంగేదాన్ని జనం నమ్మక, అది గోడకు ఆనుకుని దుమ్ము పట్టింది. ఓనరుకు ఫోన్ చేస్తే "తీస్కపో, జాగ ఖాళీ అయితది" అన్నాడు.

ఇంటికి తెచ్చిన ఆ ప్యానెల్‌ను బాపు అటూ ఇటూ తిప్పి చూశాడు. చివరికి పందెం కాశాడు.

"గీ అట్టముక్కతోని మీ మామ పడవల నీళ్లు బయటవడితే, నేను నౌకరి మాట ఎత్త. పడకపోతే నువ్వు సంతకం పెట్టాలె. సరేనా?"

సరేనన్నాను.

బస్సుల్లేవు కాబట్టి బండి మీదే బయల్దేరాం. బాపు వెనక కూర్చుని ప్యానెల్‌ను వీపుకు కట్టుకున్నాడు. దూరం నుంచి చూస్తే అచ్చం తాబేలే. దారిలో ఒకచోట సమ్మె జనం రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటా వార్పు చేస్తున్నారు. మమ్మల్ని ఆపి, ఆ వీపు మీదిదేంటని అడిగారు.

"ఎండల కెల్లి కరెంటు తీస్తడట మావోడు" అన్నాడు బాపు, ఎగతాళిగానే.

"గిప్పుడు మనకు గావల్సింది గదే గదనే!" అని వాళ్లు మాకు విస్తర్లు వేసి పప్పన్నం పెట్టారు. బాపు ప్యానెల్ విప్పకుండానే కూర్చుని తిన్నాడు.

మామ పడవకు వెదురు తడికెతో అల్లిన వంపు గూడు ఉండేది. దాని మీద అద్దం ప్యానెల్ పెడితే బరువుకి పడవ ఒరుగుతుంది, గాలి పట్టిందంటే ఇంకా ప్రమాదం. వంగేదైతే గూటికి అతుక్కుపోతుంది. కానీ పూర్తిగా అతికితే వేడెక్కి పాడవుతుంది, కింద వేలెడు సందు ఉండాలి. అందుకని గూటి మీద వరుసగా వెదురు బద్దలు కట్టి, వాటి మీద ప్యానెల్ పరచాలనుకున్నాను. స్క్రూలు బయటికి తీసేసరికి మామ ఆపాడు.

"పడవ ఊకె కదులుతది, అల్లుడూ. బిగగొడితే ఎక్కడో కాడ పగుల్తది. వల తాడుతోని కడుత, ఆగు."

ప్యానెల్ మూలల్లో ఉన్న రింగుల్లోంచి తాడు దూర్చి, ఎడమచేత్తో, పళ్లతో ముడులు వేశాడు. పడవ ఊగినప్పుడు ప్యానెల్ కూడా కొంచెం ఊగి మళ్లీ సర్దుకునేది. ఏ పుస్తకంలోనూ నేను చదవని పని అది.

బాపు అంతవరకూ ఒడ్డున బీడీ కాలుస్తూ కూర్చున్నాడు. తర్వాత లేచొచ్చి, చేతికర్రతో గూటి వెదుళ్లను ఒక్కొక్కటిగా కొడుతూ చెవి పెట్టి విన్నాడు. బాయిలో పైకప్పును అలాగే కొట్టి వింటారు.

"గిది పలుకుతలేదు. లోపట పుచ్చింది" అన్నాడు. మామ దాన్ని చీల్చి చూస్తే పిండి రాలింది. అలా మూడు వెదుళ్లు మార్పించాడు. పందెంలో ఎదురు నిలబడ్డ మనిషి నా పనికి ఆసరా ఇస్తున్నాడని అప్పుడు నాకు తట్టలేదు.

బ్యాటరీ తీసేసి మోటరు వైర్లు నేరుగా ప్యానెల్‌కు కలిపాను. స్విచ్ వేయగానే మోటరు రెండుసార్లు గొంతు సవరించుకుని నీళ్లు గోదాట్లోకి చిమ్మింది. అత్త చప్పట్లు కొట్టింది. మామ తన నొప్పి భుజం పట్టుకుని నవ్వాడు.

"ఇయ్యాల ఎండున్నది గన్క నడిచింది. దసరా దాక చూద్దాం" అన్నాడు బాపు. అంపైర్ లాగా తాను అక్కడే ఉండిపోయి నన్ను పంపించేశాడు.

దసరా తెల్లారి అత్త ఫోన్ చేసింది. "నిన్నటి సంది మోటరు కదుల్తలేదు, బిడ్డా. ఎండ మస్తుగనే ఉన్నది."

బండి ఎలా నడిపానో నాకు గుర్తులేదు. దారి పొడుగునా బీరువాలోని కాగితమే కళ్ల ముందు ఆడింది. వెళ్లేసరికి మామ ఎడమచేత్తో డబ్బా పట్టుకుని నీళ్లు తోడుతున్నాడు. మోటరు విప్పాను, బాగానే ఉంది. వైర్లు చూశాను, బాగున్నాయి. స్విచ్ మార్చాను. ఉలుకూ పలుకూ లేదు. బాపు ఒడ్డున కూర్చుని చూస్తున్నాడు. ఇక సంతకం పెట్టేసినట్టేననుకున్నాను.

చివరికి గూడెక్కాను. ప్యానెల్ కింది వరుస మొత్తం, గడపకు పూసినట్టు, నాలుగు వేళ్ల వెడల్పున పసుపు. దాని మీద కుంకుమ బొట్లు. అడ్డంగా బంతిపూల దండ. ఆ రకం ప్యానెల్‌లో ఒక వరుసకు ఎండ తగలకపోతే మిగతా వరుసలున్నా లేనట్టే.

నాకు ఒళ్లు మండిపోయింది. "అత్తా! నీకెవరు చెప్పిండ్రు దీనికి పసుపు పుయ్యమని? ఇదేమన్న గడపనా? నా బతుకు ఆగం జేసినవ్ గదా!" అని అరిచాను.

అత్త తల తిప్పి బాపు వంక చూసింది.

"దాన్నెందుకంటవ్? పూసింది నేను" అన్నాడు బాపు.

నేను గూటి మీద నుంచే ఆయన వైపు తిరిగాను.

"ఏటేట దసరాకు నా గొడ్డలికి, నా దీపానికి బొట్టు పెడుత. ఈయేడు అవి బాయిల తాళంల ఉన్నయి. పండుగ పూట చేతికి ఏ పనిముట్టు లేకుంటె ఎట్లనో అయింది. నీది కనవడ్డది" అన్నాడు, నా కళ్లలోకి చూడకుండా.

మామకు నవ్వు ఆగలేదు. "మరి మోటరు ఆగింది గద బావా, పందెం నువ్వు గెల్సినట్టేనా?"

బాపు లేచి, భుజం మీది తువ్వాల గోదాట్లో ముంచి గూడెక్కాడు. ఆ మోకాళ్లతో ఎక్కడమే ఒక గండం. దండ తీసి మామ మీదికి విసిరేశాడు. పసుపు మొత్తం తుడిచాడు. చివరి చారిక పోయిందో లేదో మోటరు గరగరమని నీళ్లు చిమ్మింది.

"నేనే ఆపిన, నేనే నడిపిన. గది లెక్కల పట్టకుండ్రి" అన్నాడు.

అత్త కాళ్లు పట్టుకోబోయాను. "పో పోరగా, అన్నం తిను" అని నెట్టేసింది.

తిరుగుదారిలో కాటారంలో చాయ్ కోసం ఆగాం. బాపు గ్లాసు బల్ల మీద పెట్టాడు. "రోజు బాయిల దిగెటప్పుడు దీపానికి ఎందుకు మొక్కుతనో ఎరుకేనా? నన్ను మల్ల పైకి తేవాలె గన్క. నీ సామానుకు గూడ గట్లనే మొక్కిన. నిన్ను ఎన్నడు కిందికి దిగనియ్యద్దని."

"మరి ఆ కాగితం?" అన్నాను.

"చాయ్ సల్లారుతది, తాగు" అన్నాడు.

బాపు నౌకరీ మాట మళ్లీ ఎత్తలేదు. మామ ఆ పడవను ఇంకా చాలా ఏళ్లు నడిపాడు. సమ్మె ముగిశాక బాపు మళ్లీ బాయిలో దిగాడు. తెలంగాణ వచ్చిన రోజు ఊరంతా రంగులు చల్లుకుంటుంటే, మొదటి షిఫ్టు చేసి, గులాల్ పూసిన ముఖంతో, గోడ పట్టుకుని ఇంటి మెట్లెక్కాడు. ఆ పందెం నేనే గెలిచానని దోస్తులకు గొప్పగా చెప్పుకునేవాణ్ణి. నేను సంతకం పెట్టి ఉంటే నౌకరీ నాకొచ్చి, ఆయన ఆనాడే ఇంట్లో కూర్చుని ఉండేవాడు. నన్ను పైన ఉంచడానికి, నడవలేని మోకాళ్లతో ఇంకా నాలుగేళ్లు ఆయనే కిందికి దిగాడు.