కత్తెర కుట్టించిన జేబు

మా చిన్నాన్న దర్జీ. ఇంటి ముందుగదే ఆయన కొట్టు. కాజాలు కుట్టేది నేను. చిన్నాన్న అణకువ గల మనిషే గానీ, ఒక్క వారంపాటు ఆయనకి కళ్లు నెత్తికెక్కాయి. ఆ వారం సంగతే చెప్పాలి.

ఒక హోటలు యజమాని చొక్కాకి ఖరీదైన గుడ్డ ఇచ్చి వెళ్లాడు. కత్తిరిస్తుంటే కత్తెర జారి, పొట్ట దగ్గర వేలెడంత కోత పడింది. చిన్నాన్న మిగిలిన ముక్కతో దానిమీద ఏటవాలుగా ఒక జేబు కుట్టి, నోరు మూసుకున్నాడు.

యజమానికి ఆ జేబు తెగ నచ్చేసింది. అది తొడుక్కుని వెళ్లిన విందులో అందరూ దాని గురించే అడిగారట. ఇక చూడాలి చిన్నాన్నని! బొత్తాం ఊడిందని వచ్చినవాళ్లతో కూడా "రేపు రండి, ఆలోచించాలి" అనేవాడు. పిన్ని పెద్ద బజారులో అద్దెకి కొట్టు చూసి, 'డిజైనర్' అని బోర్డు కూడా రాయించేసింది.

ఎనిమిదో రోజు యజమాని మళ్లీ వచ్చాడు.

"మా పనివాళ్లకి రెండు వందల చొక్కాలు కావాలి. ఇదే జేబు. ఎవరడిగినా నీ సొంత డిజైన్ అని చెప్పు."

పిన్ని సంతోషం పట్టలేక నన్ను గిల్లింది. చిన్నాన్న మెడలోని టేపు తీసి, వేసుకుని, మళ్లీ తీశాడు.

"అది డిజైన్ కాదు సార్. కత్తెర జారింది. కోత కనబడకుండా కుట్టాను. మీ గుడ్డ నేను కొనిస్తాను. ఆ రెండు వందలూ మామూలు జేబుతో కుడతాను."

యజమాని మొహం మాడిపోయింది. "అందరికీ గొప్పగా చెప్పుకున్నానయ్యా! నువ్వు నోరు మూసుకో, ఆర్డరు నీదే."

"వారం నుంచి మూసుకునే ఉన్నాను సార్. అన్నం సయించడం లేదు."

ఆయన విసవిసా వెళ్లిపోయాడు. ఆర్డరూ ఆయన వెనకే పోయింది. నాకు ఏడుపొచ్చింది. పెద్ద బజారు కొట్టు నాకూ నచ్చింది మరి!

పిన్ని మెల్లగా అడిగింది.

"పెళ్లికి ముందు నా జాకెట్టు భుజమ్మీద పువ్వు కుట్టిచ్చారు. అది చూసే కదా మిమ్మల్ని చేసుకుంటానన్నాను. అదీ కత్తెరేనా?"

అబద్ధమాడడానికి ఏ మగాడికైనా అంతకన్నా మంచి అవకాశం దొరకదు.

"అదీ కత్తెరే," అన్నాడు చిన్నాన్న.

"పాతికేళ్లు ఊరంతా చెప్పుకు తిరిగాను కదండీ!" అని పిన్ని నెత్తి కొట్టుకుంది. ఆ పూట మాకు వంట లేదు.

మర్నాడు చిన్నాన్న 'డిజైనర్' బోర్డు బోర్లా వేసి దానిమీద ఇస్త్రీ చేస్తున్నాడు. పిన్ని పెట్టె అడుగు నుంచి ఆ పాత జాకెట్టు తీసుకొచ్చి ఆయన ముందు పడేసింది.

"చేతులు పట్టడం లేదు, వదులు చెయ్యండి," అంది. "పువ్వు జోలికి మాత్రం వెళ్లకండి."